చూపు ఎంత తక్కువుంటే ఆడనిస్తారు?

అంధుల క్రీడల్లో వర్గీకరణ గొడవ మళ్లీ రాజుకుంది. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ తెచ్చిన కొత్త వర్గీకరణ నియమావళి 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ పోటీలకు క్రీడాకారులు దాని కిందే సిద్ధమవుతున్నారు. ఎవరిని బరిలోకి రానివ్వాలి, ఎవరిని ‘నీకు చూపు సరిపోయేంత ఉంది’ అని వెనక్కి పంపాలి అన్నదే తగువు. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో గజ్జెల బంతితో ఆడే గోల్‌బాల్ పుట్టడం, 1976 టొరంటోలో అంధులు పారాలింపిక్స్‌లో అడుగుపెట్టడం చాలాసార్లు చెప్పుకున్న సంగతులే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 2022లో జూడోలో ఏం జరిగిందో చూస్తే చాలు.

జూడో 1988 సియోల్‌లో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఇందులో చూపును బట్టి విడదీసేవారు కాదు. బరువును బట్టే జతలు. పూర్తిగా చూపు లేని బీ1, కొద్దిగా ఉన్న బీ2, ఇంకాస్త ఉన్న బీ3 ఒకే మ్యాట్ మీద తలపడేవాళ్లు. దీని వెనక ఒక నమ్మకం ఉంది. ఈ జూడోలో దూరం నుంచి ఒకరి మీదికొకరు రారు. రిఫరీ ఇద్దరినీ మధ్యకు తెచ్చి నిలబెడతారు. ఒక చెయ్యి అవతలివారి కాలర్ మీద, ఇంకో చెయ్యి స్లీవ్ మీద పడ్డాకే ఆట మొదలుపెట్టమంటారు. ఇద్దరూ పూర్తిగా విడిపోతే ఆపి, మళ్లీ మధ్యకు తెచ్చి పట్టు పట్టిస్తారు. పట్టు దొరికాక చూపుతో పనేముంది, ఎదుటివాడి కదలిక చేతులకే తెలిసిపోతుంది కదా అనుకున్నారు. బీ1 క్రీడాకారుల జాకెట్ చేతి మీద ఎర్రటి వృత్తం ఉండేది, రిఫరీ వాళ్లను గుర్తుపట్టడానికి. అంతకుమించి తేడా లేదు.

ఆ నమ్మకం నిలబడలేదు. పోటీల ఫలితాలను పరిశీలించిన పరిశోధకులకు బీ1 వాళ్లు మిగతావారికంటే తక్కువ గెలుస్తున్నారని కనిపించింది. పట్టు పట్టిన తర్వాత కూడా అవతలివాడి కాలు ఎటు పడుతోందో, పట్టు సడలినప్పుడు చెయ్యి ఎటునుంచి వస్తోందో కొంచెం కనబడినా లాభమే. ఏళ్ల తరబడి ఓడిపోతున్నవాళ్లు చెబుతూ వచ్చిందీ ఇదే. లెక్కలు బయటికొచ్చాక గానీ వాళ్ల మాటకు విలువ దక్కలేదు.

2022 నుంచి జూడోను రెండుగా విడదీశారు. పూర్తిగా చూపు లేనివారు, లేదా దాదాపు లేనివారు జే1. పాక్షికంగా చూపున్నవారు జే2. ఇంతవరకూ న్యాయమే. అయితే అదే మార్పులో ప్రవేశ గీతనూ జరిపారు. అంతకుముందు బీ3 గీత సుమారు 6/60 దగ్గర ఉండేది. అంటే మామూలు చూపున్నవారు 60 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరికి వస్తేగానీ చదవలేనివాళ్లు. కొత్త గీత సుమారు 6/120. ఈ రెండు గీతల మధ్య ఉన్నవాళ్లు, చూసే పరిధి బాగా కుంచించుకుపోయి ఉంటే తప్ప, రాత్రికి రాత్రే అంధ జూడోకు అనర్హులైపోయారు. మామూలు జూడోలో చూపున్నవాళ్లతో పోటీపడే స్థితి వాళ్లకు లేదు. ఇక్కడేమో చోటు పోయింది. తరగతులు రెండయ్యాక పతకాల సంఖ్య మరీ పెరగకుండా బరువు విభాగాలనూ కుదించారు. అంతకుముందు పురుషులకు 7, మహిళలకు 6 ఉండేవి. పారిస్ 2024లో పురుషులకూ మహిళలకూ ఒక్కో తరగతికి 4 చొప్పునే మిగిలాయి. 66 కిలోల మగవాడు 60కి దిగాలి, లేదా 73 కిలోల వాళ్లతో కలబడాలి.

సమాఖ్యల వాదన బలహీనమైనది కాదు. 1981లో పారిస్‌లో అంతర్జాతీయ అంధుల క్రీడా సమాఖ్య ఏర్పడ్డాక చాలాకాలం అన్ని ఆటలకూ ఒకటే వైద్య కొలత. ఈతగాడికీ, పరుగువీరుడికీ, జూడో క్రీడాకారుడికీ అవే బీ1, బీ2, బీ3. 2007లో వచ్చిన పారాలింపిక్ కమిటీ తొలి వర్గీకరణ నియమావళి దీన్ని తప్పుపట్టింది. చూపు లోపం ఏ ఆటలో ఎంత అడ్డమో ఆ ఆటే ఆధారాలతో తేల్చాలంది. దాన్ని అమలు చెయ్యడానికి జూడోకు 15 ఏళ్లు పట్టింది. అనుమానాల చరిత్ర కూడా ఉంది. 2000 సిడ్నీలో బుద్ధిమాంద్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్ గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందిలో 10 మందికి ఆ లోపమే లేదని తేలింది. అప్పటి నుంచి ప్రతి వర్గీకరణ గదిలోనూ ‘నటిస్తున్నాడేమో’ అన్న ప్రశ్న కూర్చుని ఉంటుంది. దాని బరువు ఎక్కువగా మోసేది కొంత చూపున్నవాళ్లే. ఫోన్ చూస్తూ కనబడ్డా తంటానే, మెట్లు చకచకా దిగినా తంటానే.

నాకు అభ్యంతరం ఆ గదిలో జరిగే కొలత మీదే. బాగా వెలుతురున్న గదిలో, కదలని అక్షరాలను, తొందరలేకుండా చదివిస్తారు. చూపు ఎంత దూరం ఆనుతుంది, ఎంత వెడల్పున కనబడుతుంది అన్న రెండు లెక్కలు రాసుకుంటారు. వెలుతురు మారితే తేలిపోయే చూపు, ఎండ కళ్లలో పడితే మసకబారే చూపు, నేలకూ బంతికీ రంగు తేడా తక్కువైతే బంతినే మింగేసే చూపు ఈ రెండు లెక్కల్లోకి సరిగ్గా రావు. ఆడేవాళ్లకు రోజూ ఎదురయ్యేది ఇదే.

ఇదే సమస్యను వేరే ఆటలు వేరేగా తేల్చుకున్నాయి. గోల్‌బాల్‌లో అందరి కళ్లకూ గంతలే. చూపు ఉన్నా లేకపోయినా ముగ్గురేసి ఆటగాళ్లు, 1.25 కిలోల గజ్జెల బంతి, టేపు కింద తాడు దూర్చి చేతికి తగిలేలా గీసిన గీతలు. అనుమతి లేకుండా గంతను ముట్టుకుంటే పెనాల్టీ. అక్కడ ఎవరికి ఎంత కనబడుతుందన్న చర్చకు పదును తగ్గిపోతుంది. దీనికీ ఒక ఖరీదు ఉంది. ఉన్న కాస్త చూపుతోనే నిలదొక్కుకుంటున్న మనిషికి, ముఖ్యంగా చూపు ఇప్పుడిప్పుడే పోతున్నవారికి, గంత కట్టుకోవడం భయం పుట్టిస్తుంది. పరిచయం చేసే కోచ్‌లు ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

క్రికెట్ దారి నాకు ఇంకా నచ్చుతుంది. అంధుల క్రికెట్ జట్టులో 11 మందిలో కనీసం నలుగురు బీ1, కనీసం ముగ్గురు బీ2, బీ3 నలుగురికి మించకూడదు. గలగలలాడే ప్లాస్టిక్ బంతిని కింది నుంచి విసురుతారు. బీ1 బ్యాటర్ చేసిన పరుగు రెండుగా లెక్క, వాళ్లకు రన్నర్ ఉంటారు, ఒక్కసారి నేలకు తగిలి లేచిన బంతిని బీ1 ఫీల్డర్ పట్టినా క్యాచే. చూపు ఎక్కువున్నవాణ్ని ఆట నుంచి గెంటలేదు, అలాగని ఆటంతా వాడి చేతికీ ఇవ్వలేదు. ఇది 1998లో తొలి ప్రపంచకప్ ఆడిన ఆట. ఈ నియమాలతోనే మహిళలకు 2025లో మొదటి టీ20 ప్రపంచకప్ జరిగింది.

జూడో గీత పతకం కోసం గీసినది. అది మెల్లగా కిందికి జారి, స్థానిక క్లబ్బుల్లో చేరడానికే గేటు అవుతోంది. పారాలింపిక్ తరగతి ఉంటేనే శిక్షణ డబ్బు, ప్రయాణ ఖర్చు, కోచ్ సమయం వస్తాయి. ఆ తరగతి పోయిన కుర్రాణ్ని క్లబ్బు వెళ్లగొట్టక్కర్లేదు, టోర్నమెంటుకు తీసుకెళ్లడం మానేస్తే చాలు, వాడే మానేస్తాడు. వారానికి రెండుసార్లు చెమట పట్టేలా ఆడి, నలుగురితో కలిసి ఇంటికెళ్లాలనుకునేవాడికి చూపు కొలత కాగితం ఎందుకు?

ఫుట్‌బాల్ ఇందుకు ఒక నమూనా ఇస్తోంది. 2004 ఏథెన్స్ నుంచి పారాలింపిక్స్‌లో ఉన్నది గంతలు కట్టుకుని బీ1 వాళ్లు ఆడే ఫుట్‌బాలే. బీ2, బీ3 వాళ్లకు అక్కడ చోటు లేదు. అయినా వాళ్లకు విడిగా ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి, జట్లు ఉన్నాయి, పిల్లలు చేరుతున్నారు. 6/60కీ 6/120కీ మధ్య చిక్కుకున్న జూడో క్రీడాకారులకు అలాంటి పోటీ పెట్టడానికి పారాలింపిక్ కమిటీ అనుమతి అక్కర్లేదు. అంధుల క్రీడా సమాఖ్య తలుచుకుంటే వచ్చే క్యాలెండర్‌లోనే పెట్టవచ్చు.