కొనబోయే ఇంట్లో నీళ్ల పైపులు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇల్లు కొనేవాళ్ల తరఫున ఆ ఇంటిని చూసి చెప్పడం నా పని. వాస్తు గురించి, స్లాబు గురించి గంటలకొద్దీ అడుగుతారు. పైపుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏ కంపెనీవి సార్?" అని ఒక్క మాటతో సరిపెడతారు. నన్నడిగితే కంపెనీ పేరు చివర చూడాల్సింది. ఏ పైపును ఎక్కడ వాడారు, జాయింటు ఎలా వేశారు అన్నవే ముందు చూడాలి.

అపోహ: గ్రే పైపు కనిపిస్తే ఆ ఇల్లు వద్దు.

వాస్తవం: ఈ భయం ఎక్కువగా అమెరికాలో ఉన్న పిల్లల ఫోన్లలో వస్తుంది. వాళ్లు చెప్పేది నిజమే, కానీ అది అక్కడి సంగతి. 1978 నుంచి 1995 దాకా అక్కడ పాలీబ్యూటిలీన్ అనే పైపులు వేశారు. వాటిలో చాలావరకు గ్రే రంగువే. నీళ్లలో కలిపే క్లోరిన్ వల్ల ఆ పైపులూ ఫిట్టింగులూ లోపలి నుంచి పెళుసెక్కి పగిలిపోయాయి. బయటికి చక్కగానే కనిపించేవి. గొడవ కోర్టులకెక్కి, తయారీదారులు భారీగా పరిహారం కట్టాల్సి వచ్చింది.

మన మిద్దెల మీద కనిపించే గ్రే పైపు అది కాదు. బోరు నుంచి పొలానికి వేసే పీవీసీ పైపు, ఐఎస్ 4985 (ఇది భారత ప్రమాణం నంబరు) రకం. దీనితో ఉన్న చిక్కు వేరు. చదరపు సెంటీమీటరుకి 2.5 కిలోలు, 4 కిలోలు, 6 కిలోలు అని పైపు మీదే ఎంత ప్రెషర్‌కి తగినదో రాసి ఉంటుంది. ఆ లెక్క 27 డిగ్రీల దగ్గర వేసింది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో మిద్దె మీది పైపును చేత్తో పట్టుకుని చూడండి, ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో అర్థమవుతుంది. వేడి పెరిగేకొద్దీ పైపు బలం తగ్గుతుంది. పొలంలో మిగిలిన 4 కిలోల పైపు తెచ్చి సంపు నుంచి ట్యాంకుకి మోటారు లైను వేసిన ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ లైను జాయింట్లు ఒక్కొక్కటీ తడిమి చూస్తాను.

అపోహ: ఐఎస్‌ఐ గుర్తు ఉంటే చాలు.

వాస్తవం: గుర్తు పక్కన ఉన్న నంబరు కూడా చదవాలి. ఐఎస్ 15778 అంటే సీపీవీసీ (క్లోరిన్ ఎక్కువ కలిపిన పీవీసీ), వేడినీళ్లకి పనికొస్తుంది. ఐఎస్ 13592 అంటే మురుగునీటికి, వాననీటికి వేసేది. దాన్ని మోటారు లైనులో కలిపితే అసలైన ఐఎస్‌ఐ పైపే అయినా తప్పే. చన్నీళ్లకి వేసే తెల్ల యూపీవీసీ (మామూలు గట్టి పీవీసీ) ప్లంబింగ్ పైపుల మీద చాలాసార్లు ఐఎస్ నంబరు బదులు ఏఎస్‌టీఎం డి1785 అనే అమెరికా ప్రమాణం నంబరు ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. లైసెన్సు నంబరు మీద అనుమానముంటే, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. పైపు మీద ఒక్క అక్షరమూ లేకపోతే నేను రిపోర్టులో "రకం తెలియదు" అని రాస్తాను. ఓనర్లకి ఆ మాట నచ్చదు.

అపోహ: మంచి పైపు వేశాం కాబట్టి జాయింట్ల గురించి టెన్షన్ లేదు.

వాస్తవం: నేను చూసే లీకుల్లో ఎక్కువ భాగం జాయింట్ల దగ్గరివే. ముప్పావు అంగుళం సీపీవీసీ బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు. అదే ముప్పావు అంగుళం యూపీవీసీది 26.7. పేరు ఒకటే, కొలత వేరు. ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు. మధ్యలో ఇత్తడి మరలున్న అడాప్టర్ వేయాలి. అది చేతిలో లేనప్పుడు కొందరు పైపును మంట మీద వేడిచేసి, సాగదీసి తొడిగేస్తారు. ఎల్బో (మలుపు దగ్గర వేసే ఫిట్టింగు) కొనడం ఎందుకని వేడిచేసి వంచేవాళ్లూ ఉన్నారు. అలా సాగిన చోట గోడ మందం తగ్గిపోతుంది. ఎల్బో లేకుండా మలుపు తిరిగిన పైపు, గోధుమ రంగు మరక, ఉబ్బిన మూతి కనిపిస్తే ఫొటో తీసుకోండి.

జాయింటు అతికించే సొల్యూషన్ కూడా అంతే. సీపీవీసీకి దాని సొల్యూషన్ వేరుగా ఉంటుంది, సాధారణంగా పసుపు రంగులో. జాయింటు చుట్టూ సన్నని పసుపు రింగు కనిపిస్తే మంచిదే. వేడినీళ్ల లైనులో ఆ రింగు లేకపోతే ఏ సొల్యూషన్ వాడారో ప్లంబర్‌ని అడగాలి.

ఇంకో సంగతి. ఇనుప పైపుల కాలం నుంచి పనిచేస్తున్న కొందరు ఇప్పటికీ మరలకి జనుపనార చుట్టి పెయింట్ పూస్తారు. ఇనుముకి అది సరిపోయింది. సీపీవీసీకి నూనె కలిసిన పెయింట్ తగిలితే మెల్లగా చీలికలు వస్తాయి. ఇక్కడ టెఫ్లాన్ టేపే వాడాలి.

అపోహ: సీపీవీసీ ఎంత వేడినైనా తట్టుకుంటుంది.

వాస్తవం: 93 డిగ్రీల వరకు. అది కూడా ప్రెషర్ తగ్గించుకుని. ఎస్‌డీఆర్ 11 పైపు (బయటి కొలత గోడ మందానికి 11 రెట్లు ఉన్నది) 23 డిగ్రీల దగ్గర 28 కిలోలు తట్టుకుంటే, 82 డిగ్రీల దగ్గర 7 కిలోలే. మన ఊళ్లో సోలార్ హీటర్లు చాలా ఇళ్ల మీద ఉన్నాయి. ఎండాకాలం వేడినీళ్లు ఎవరూ వాడరు కాబట్టి ఆ ట్యాంకులో నీళ్లు మరిగే దాకా వెళ్తాయి. అందుకే ట్యాంకు నుంచి బయటికి వచ్చే మొదటి ముక్క లోహపు పైపు అయి ఉండాలి, ట్యాంకుకి గాలి గొట్టం తెరిచి ఉండాలి. గీజర్ దగ్గర చన్నీళ్లు వచ్చే వైపు కూడా చూడండి. నాన్ రిటర్న్ వాల్వు లేకపోతే వేడినీళ్లు వెనక్కి వచ్చి అక్కడి యూపీవీసీని మెత్తబరుస్తాయి.

అపోహ: ఎండకి రంగు మారిన పైపు పనికిరాదు.

వాస్తవం: రంగు మారినంత మాత్రాన కాదు. గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతున్నా, క్లాంపుల మధ్య పైపు కిందికి వేలాడుతున్నా మార్చాల్సిందే. బాగున్న పైపుకి నీళ్లతో కలిపే పెయింట్ వేసి కాపాడుకోవచ్చు. ఆయిల్ పెయింట్ వద్దు.

అపోహ: కుళాయి జాలీలో తెల్ల పలుకులు వస్తున్నాయంటే పైపు కరుగుతోంది.

వాస్తవం: చాలావరకు అది బోరు నీళ్ల సున్నమే. నిమ్మరసం వేస్తే నురగొచ్చి కరిగిపోతుంది. సీసం గురించి అడిగేవాళ్లకి ఒక మాట: పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసే కేంద్ర నిబంధనలు 2021లో వచ్చాయి. అంతకు ముందు వేసిన లైనైతే పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు తాగడానికి పట్టకండి.

అపోహ: గోడ పొడిగా ఉంది కాబట్టి లీకు లేదు.

వాస్తవం: అమ్మేముందు పెయింట్ వేస్తారు కదా, తడి మరకలు దాని కింద దాక్కుంటాయి. అడ్వాన్స్ ఇవ్వకముందు ఒక రాత్రి ఓనర్‌ని అడిగి ఈ పని చేయండి. ట్యాంకు నింపి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నకి నీళ్లు గీత కిందికి దిగితే ముందు ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలపండి. ఫ్లష్ చేయకుండానే ఆ రంగు కమోడ్‌లోకి వస్తే వాషర్ మార్చుకుంటే సరిపోతుంది. రాకపోతే ట్యాంకు దగ్గరి వాల్వుల్లో రాత్రికొకటి కట్టేసి చూడండి. ఏ వాల్వు కట్టినప్పుడు మట్టం దిగకుండా నిలిచిందో, గోడ పగలగొట్టాల్సింది ఆ లైనులోనే. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.