డాలస్ క్వార్టర్‌బ్యాక్ పంచాయితీ: 1962 నుంచి నేటి దాకా

డాలస్ కౌబాయ్స్ వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే చాలు, ఫ్యాన్స్ రెండు వర్గాలుగా చీలిపోతారు. ఉన్న క్వార్టర్‌బ్యాక్‌నే కొనసాగించాలని ఒక వర్గం, బెంచ్ మీద కూర్చున్నవాణ్ణి దించాలని మరో వర్గం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతి జట్టుకూ ఈ గొడవ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. డాలస్‌లో మాత్రం ఇది 60 ఏళ్లుగా నడుస్తున్న పంచాయితీ. దీనికి వేదికైన ఊళ్లు తెలుగువాళ్లకు బాగా తెలిసినవే. 1971 నుంచి 2008 సీజన్ దాకా జట్టు ఆడిన టెక్సస్ స్టేడియం అర్వింగ్‌లో ఉండేది. జట్టు కార్యాలయం, ప్రాక్టీసు మైదానం 2016 దాకా వ్యాలీ రాంచ్‌లో ఉండి, తర్వాత ఫ్రిస్కోకు మారాయి. వాదనలో చేరేముందు దాని పూర్వాపరాలు తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే వాదన ఎప్పుడూ ‘ఇద్దరిలో ఎవరు మేలు’ అన్నదాని చుట్టూ తిరుగుతుంది కానీ, డాలస్‌లో దాన్ని తేల్చింది చాలావరకు గాయాలే. కోచ్ తనంతట తాను తేల్చిన సందర్భాలు చాలా తక్కువ.

ఆట కొత్తవాళ్ల కోసం ఒక మాట. మైదానంలో 11 మంది ఉన్నా, ప్రతి ఎత్తుగడలోనూ (ఆగి మళ్లీ మొదలయ్యే ఒక్కో ప్రయత్నంలో) బంతి ముందుగా వచ్చేది దాదాపు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్ చేతికే. క్రికెట్‌లో వికెట్‌కీపర్ స్థానంలాగే ఇక్కడా ఒకరికే చోటు. రెండోవాడు ఎంత ప్రతిభావంతుడైనా బయట కూర్చోవాల్సిందే. అయితే క్రికెట్‌లో లేని వెసులుబాటు ఒకటి ఇక్కడ ఉంది. 1950 నుంచి డాలస్ ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. డాలస్ తొలి కోచ్ టామ్ లాండ్రీ ప్రయోగాలన్నీ ఈ వెసులుబాటు మీదే నడిచాయి.

1960లో పుట్టిన జట్టు మొదటి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 11 ఓటములు, ఒక టై. 1962 నాటికి లాండ్రీ దగ్గర ఇద్దరున్నారు. ఒకరు ఎడ్డీ లెబారన్: 5 అడుగుల 7 అంగుళాల మనిషి, అనుభవజ్ఞుడు. మరొకరు డాన్ మెరెడిత్: అదే ఊళ్లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో చదివిన కుర్రాడు. లాండ్రీ వీళ్లిద్దరినీ ఎత్తుగడ ఎత్తుగడకూ మార్చాడు. ఒకరు ఆడుతుంటే రెండోవాడు కోచ్ పక్కన నిలబడి, తర్వాత ఏం ఆడాలో విని, ఆ మాట మోసుకుని లోపలికి పరుగెత్తేవాడు. ఆ ఏడాది జట్టు ఐదే మ్యాచ్‌లు గెలిచినా స్కోరు మాత్రం బాగానే చేసింది. ఓడించింది డిఫెన్స్. ఆ ప్రయోగం పూర్తిగా బెడిసికొట్టి ఉంటే లాండ్రీ తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ దాని జోలికి వెళ్లేవాడు కాడేమో.

మెరెడిత్ డాలస్‌ను పెద్ద జట్టుగా నిలబెట్టాడు. అయినా 1966, 1967 సీజన్లలో లీగ్ ఫైనల్‌లో గ్రీన్ బే చేతిలోనే ఓడాడు. సొంత మైదానం కాటన్ బౌల్‌లో ప్రేక్షకులు అతణ్ణి గేలి చేసేవారు. 1968 ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ మీద మూడు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థికి చిక్కడం) పడ్డాక లాండ్రీ అతణ్ణి బయటకు పిలిచి క్రెగ్ మోర్టన్‌ను దించాడు. 1969 వేసవిలో, 31 ఏళ్లకే, మెరెడిత్ ఆట మానేశాడు. అభిమానుల ఒత్తిడి ఒక ఆటగాణ్ణి ఎంత దూరం తరమగలదో డాలస్ మొదట చూసింది అప్పుడే.

అదే ఏడాది రోజర్ స్టాబక్ వచ్చాడు. 1963లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన నేవల్ అకాడమీ విద్యార్థి అతను. 1964 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) పదో రౌండ్‌లో డాలస్ ఎంచుకున్నా, నౌకాదళంలో వియత్నాంతో సహా నాలుగేళ్లు పనిచేసి వచ్చేసరికి 27 నిండాయి. మోర్టన్‌కు బలమైన చెయ్యి. వెనక్కి తగ్గి, నిలబడి, దూరం విసరడం అతని పద్ధతి. స్టాబక్ కుదురుగా నిలబడేవాడు కాదు, దారి దొరికితే బంతితో తానే పరుగెత్తేవాడు. ఈ తేడా ఆ ఇద్దరితోనే ఆగదు. ముందు వరసలో నిలబడి ప్రత్యర్థులను ఆపే లైన్‌మెన్ తమ వెనక క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడకుండా, ఊహ మీదే అడ్డుకుంటారు. మోర్టన్ ఉన్నచోటే ఉంటాడు కాబట్టి రెండు మూడు సెకన్లు కాపు కాస్తే పని అయిపోతుంది. స్టాబక్ పక్కకు ఉరికితే అదే లైన్‌మన్ ఇంకా చాలాసేపు పట్టి ఉంచాలి, ఏ వైపు తిరగాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. లేదంటే ప్రత్యర్థిని చేత్తో లాగి హోల్డింగ్ పెనాల్టీ తెచ్చుకుంటాడు.

1970 సీజన్ మోర్టన్‌దే. జట్టు మొదటిసారి సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) చేరింది. 1971 జనవరి 17న బాల్టిమోర్ కోల్ట్స్ చేతిలో 16-13తో, చివరి క్షణాల్లో పడిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని సాధించే మూడు పాయింట్లు) ఓడింది. మోర్టన్ ఇంటర్‌సెప్షన్లు మూడు. స్టాబక్ ఆ మ్యాచ్ అంతా బయటే ఉన్నాడు. ఆ శీతాకాలం ఊరంతా ఇదే చర్చ అంటే ఆశ్చర్యం లేదు.

1971లో లాండ్రీ ఇద్దర్నీ సమానంగా చూడాలనుకున్నాడు. మొదట్లో ఒకసారి ఒకరితో, మరోసారి ఇంకొకరితో మ్యాచ్ మొదలుపెట్టించాడు. వాషింగ్టన్ మీద, న్యూ ఓర్లీన్స్ మీద ఓటములు వచ్చాయి. అక్టోబర్ 24న అర్వింగ్‌లో కొత్త స్టేడియం తెరిచిన రోజు న్యూ ఇంగ్లండ్‌పై 44-21తో గెలిచినా చర్చ చల్లారలేదు. వారం తర్వాత, అక్టోబర్ 31న, షికాగోలో బేర్స్ మీద 1962 నాటి పద్ధతి మళ్లీ బయటకు తీశాడు: ప్రతి ఎత్తుగడకూ ఒక క్వార్టర్‌బ్యాక్ లోపలికి, మరొకడు బయటికి. డాలస్ బేర్స్ కంటే ఎక్కువ యార్డులు సాధించింది. అయినా బంతిని పదేపదే పోగొట్టుకుని 23-19తో ఓడింది. ఏడు మ్యాచ్‌లకు నాలుగు గెలుపులు, మూడు ఓటములు.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో తెలియాలంటే స్నాప్‌కు (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందే క్షణం) ముందు, తర్వాత జరిగేది దగ్గరగా చూడాలి. ఏ కేకకు బంతి కదలాలో క్వార్టర్‌బ్యాక్ హడిల్‌లో (ఎత్తుగడకు ముందు ఆటగాళ్లు గుమిగూడినప్పుడు) చెబుతాడు. లైన్‌మెన్ ఆ గొంతు, ఆ లయ విని కదులుతారు. గొంతు మారితే ఒకడు అర క్షణం ముందే కదులుతాడు, పెనాల్టీగా ఐదు గజాలు పోతాయి. పాస్‌లో ఇది ఇంకా సున్నితం. పదో పన్నెండో గజాలు నేరుగా వెళ్లి పక్కకు తిరిగే రిసీవర్‌కు (బంతి అందుకునేవాడు), అతను తిరగకముందే బంతి చెయ్యి దాటాలి. ఎవరు ఎన్ని అడుగులు వెనక్కి వేసి విసురుతారన్నది రిసీవర్ ఒంటికి అలవాటు కావాలి. ఒకరి బంతి తొందరగా వచ్చి మరొకరిది ఆలస్యమైతే, రిసీవర్‌ను కాపు కాసే ప్రత్యర్థి కార్నర్‌బ్యాక్ మధ్యలో దూరి ఎత్తుకుపోతాడు. అన్నిటినీ మించి, కిందటి ఎత్తుగడలో డిఫెన్స్ ఎటు జరిగిందో తన కళ్లతో చూసినవాడు బయటకు వెళ్లిపోతాడు. లోపలికి వచ్చినవాడు దాన్ని పక్కన నిలబడి మాత్రమే చూశాడు.

షికాగో ఓటమి తర్వాత లాండ్రీ ఇక నానబెట్టలేదు. మిగతా సీజన్‌కు స్టాబకే అని ప్రకటించాడు. డాలస్ మిగిలిన ఏడు మ్యాచ్‌లూ గెలిచింది, ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటాను, శాన్‌ఫ్రాన్సిస్కోను దాటింది, 1972 జనవరి 16న న్యూ ఓర్లీన్స్‌లో మయామీని 24-3తో కొట్టి తొలి సూపర్ బౌల్ అందుకుంది. స్టాబక్ ఆ సీజన్‌లో 15 టచ్‌డౌన్ పాస్‌లకు (ప్రత్యర్థి గీత దాటి ఆరు పాయింట్లు తెచ్చేవి) నాలుగే ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. మోర్టన్ పేరు పాడైపోవడం మాత్రం అన్యాయం. 1972లో స్టాబక్ భుజం ప్రీసీజన్‌లోనే దెబ్బతింటే జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చింది మోర్టనే. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో మీద డాలస్ 28-13తో వెనకబడి ఉండగా స్టాబక్ దిగి 30-28తో గెలిపించాడు, ఆ సాయంత్రమే వాదన ముగిసిపోయింది. వారం తర్వాత వాషింగ్టన్‌లో అదే స్టాబక్ 26-3తో ఓడిన సంగతి ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేస్తారు. 1974లో మోర్టన్ న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లాడు. 1978 జనవరిలో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్‌గా సూపర్ బౌల్‌కు వచ్చి, 27-10తో స్టాబక్ చేతిలోనే ఓడాడు.

స్టాబక్ 1980లో తప్పుకున్నాడు. డానీ వైట్ వరసగా మూడేళ్లు జట్టును కాన్ఫరెన్స్ ఫైనల్‌కు (సూపర్ బౌల్‌కు ముందు మెట్టు) తీసుకెళ్లి మూడుసార్లూ ఓడాడు. మూడోసారి, 1983 జనవరిలో, దెబ్బ తగిలి మధ్యలోనే బయటికి రావడంతో గ్యారీ హోగ్‌బూమ్ దిగాడు. కొన్ని మంచి పాస్‌లు విసిరాడు, అభిమానులకు కొత్త ఆశ పుట్టింది. 1984లో లాండ్రీ అతణ్ణే ఎంచుకున్నాడు. జట్టు పదేళ్లలో మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది, వైట్ తిరిగొచ్చాడు. 1986లో వైట్ మణికట్టు విరిగేనాటికి ఆరు గెలిచి రెండే ఓడిన జట్టు చివరికి 7-9తో (7 గెలుపులు, 9 ఓటములు) ముగిసింది.

1989లో జెర్రీ జోన్స్ జట్టు కొని, లాండ్రీని తీసేసి, జిమ్మీ జాన్సన్‌ను తెచ్చాడు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక ట్రాయ్ ఎయిక్‌మన్. మూడు నెలలు తిరగకుండానే సప్లిమెంటల్ డ్రాఫ్ట్‌లో (అసలు డ్రాఫ్ట్ తర్వాత జరిగే అదనపు ఎంపిక) స్టీవ్ వాల్ష్‌ను కూడా తీసుకున్నారు. దానికి మరుసటి ఏడాది డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కు చెల్లించారు. వాల్ష్ మయామీ యూనివర్సిటీలో జాన్సన్ కిందే ఆడినవాడు. కోచ్ మనసు ఎటుందో ఎయిక్‌మన్‌కు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఆ ఏడాది ఎయిక్‌మన్ మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లూ ఓడారు. 1-15 సీజన్‌లో ఆ ఒక్క గెలుపు వాల్ష్‌ది, వాషింగ్టన్‌లో 13-3.

1990 సెప్టెంబర్‌లో వాల్ష్‌ను డ్రాఫ్ట్ హక్కుల కోసం న్యూ ఓర్లీన్స్‌కు ఇచ్చేశారు. బేరంగా చూస్తే లాభమే, ‘ఎవరు’ అన్న గొడవ కూడా తీరింది. కానీ డిసెంబర్‌లో, జట్టు 7-7తో ప్లేఆఫ్స్ గుమ్మంలో ఉండగా, ఫిలడెల్ఫియాలో ఎయిక్‌మన్ భుజం దెబ్బతింది. వెనక సరైన మనిషి లేడు. చివరి రెండూ ఓడి ఇంటిదారి పట్టారు. ఆ పాఠం జాన్సన్ బాగా గుర్తుపెట్టుకున్నాడు. 1991లో రైడర్స్ నుంచి స్టీవ్ బ్యూర్‌లైన్‌ను తెచ్చాడు. నవంబర్‌లో ఎయిక్‌మన్ మోకాలు దెబ్బతింటే బ్యూర్‌లైన్ మిగతా మ్యాచ్‌లన్నీ గెలిపించి, షికాగోలో ప్లేఆఫ్ కూడా 17-13తో గెలిచాడు. డెట్రాయిట్‌తో మ్యాచ్‌కు ఎయిక్‌మన్ కోలుకున్నా బ్యూర్‌లైన్‌తోనే మొదలుపెట్టి 38-6తో చిత్తయ్యారు. మరుసటి సీజన్‌కు ఎయిక్‌మనే అన్నదాంట్లో తర్జనభర్జన లేదు. 1992, 1993, 1995 సీజన్ల సూపర్ బౌల్స్ డాలస్‌వే. ఆ తర్వాత ఒక్కటీ లేదు. నేటి వాదనల్లో ఇంత అసహనం ఉండటానికి అసలు కారణం ఈ కరువే.

ఈలోగా ఆటే మారింది. 1994లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో వచ్చింది. ప్లే క్లాక్‌లో (ఎత్తుగడ మొదలుపెట్టడానికి ఉన్న గడువు) 15 సెకన్లు మిగిలేదాకా కోచ్ మాట నేరుగా చెవిలో పడుతుంది. మాట మోసే మనిషి అక్కర్లేదు కాబట్టి లాండ్రీ పద్ధతికి ఉన్న ఒకే ఒక్క సమర్థన పోయింది. అదే ఏడాది శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) మొదలైంది. ఇద్దరికీ పెద్ద జీతాలిచ్చి అట్టేపెట్టుకోవడం కష్టమైంది. వారంలో బుధ, గురువారాల ప్రధాన ప్రాక్టీసులో స్నాప్‌లు దాదాపు అన్నీ స్టార్టర్‌కే (మ్యాచ్ మొదలుపెట్టేవాడికే). బ్యాకప్ మాత్రం ప్రత్యర్థి ఎత్తుగడలు గీసిన కార్డులు చూసి, వాళ్లలా నటిస్తూ మన డిఫెన్స్‌కు అభ్యాసం ఇస్తాడు. ‘వచ్చే ఆదివారం వాణ్ణి దించండి’ అని అరిచేవాళ్లు ఈ ఒక్కటీ గమనించాలి. హఠాత్తుగా దిగేవాడికి తన జట్టు రిసీవర్లతో ఆ వారం దాదాపు అభ్యాసమే ఉండదు.

2016 గొడవ ఇప్పటివాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయని టోనీ రోమో 2006 అక్టోబర్‌లో డ్రూ బ్లెడ్సో స్థానంలో దిగి పదేళ్లు ఏలాడు. 2015లో కాలర్‌బోన్ గాయంతో ఎక్కువ భాగం ఆడలేదు, జట్టు 4-12. మరుసటి ఏడాది ట్రైనింగ్ క్యాంప్‌లో బ్యాకప్ కెలెన్ మూర్ కాలు విరిగింది. ఆగస్టు 25న సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్‌లో రోమో వెన్నుపూస చిట్లింది. అలా, నాలుగో రౌండ్‌లో 135వ ఎంపికగా వచ్చిన డాక్ ప్రెస్కాట్ స్టార్టర్ అయ్యాడు. మొదటిది ఓడి, తర్వాత వరసగా 11 గెలిచాడు. 23 టచ్‌డౌన్ పాస్‌లు, నాలుగు ఇంటర్‌సెప్షన్లు. పాస్‌ల లెక్కలతో కట్టే రేటింగ్‌లో చూస్తే, స్టాబక్ 1971 రేటింగ్ 104.8, ప్రెస్కాట్ 2016 రేటింగ్ 104.9. నవంబర్ 15న రోమో విలేకరుల ముందు రాసుకొచ్చిన ప్రకటన చదివి, ఆ స్థానం ప్రెస్కాట్ సంపాదించుకున్నదేనని ఒప్పుకున్నాడు. డాలస్ పంచాయితీల్లో ఇంత హుందాగా ముగిసింది మరొకటి లేదు. అయినా డిసెంబర్‌లో జెయింట్స్ మీద 10-7తో ఓడగానే రోమో పేరు మళ్లీ లేచింది. మరుసటి వారం టాంపా బే మీద 36 పాస్‌లలో 32 పూర్తి చేసి ప్రెస్కాట్ దాన్ని అణిచాడు. ప్లేఆఫ్స్‌లో గ్రీన్ బే 34-31తో గెలిచింది. ఆ 34 పాయింట్లు ఇచ్చింది డిఫెన్స్ అయినా, రోమో ఉంటే గెలిచేవాళ్లమన్న మాట ఇప్పటికీ వినబడుతుంది.

2022లో ప్రెస్కాట్ చేతి బొటనవేలు విరిగితే కూపర్ రష్ వరసగా నాలుగు గెలిచాడు. రష్‌ను కొనసాగించాలన్న వాదన బయల్దేరింది. ఐదో మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా మూడు ఇంటర్‌సెప్షన్లు లాక్కుని 26-17తో గెలవడంతో ఆ మాట వినబడటం మానేసింది. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోకు నాలుగో రౌండ్ హక్కు ఇచ్చి ట్రే లాన్స్‌ను తెచ్చినా అతను స్టార్టర్‌కు పోటీ కాలేదు. 2024 సెప్టెంబర్‌లో ప్రెస్కాట్‌కు నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు, ఏడాదికి 6 కోట్లు. నవంబర్‌లో అతని తొడ వెనక కండరం తెగింది, జట్టు 7-10తో ముగిసింది, కోచ్ మైక్ మెకార్తీ వెళ్లిపోయాడు. 2025లో బ్రయన్ షాటెన్‌హైమర్ కోచ్ అయ్యాడు. రష్ బాల్టిమోర్‌కు వెళ్లాడు, అతని చోట న్యూ ఇంగ్లండ్ నుంచి జో మిల్టన్ వచ్చాడు. మోర్టన్, స్టాబక్‌ల కాలంలో ఎవరు దిగాలన్నది మ్యాచ్ నాటి ఉదయం దాకా తేలకపోయినా ఖజానాకు వచ్చిన నష్టం లేదు. ఇప్పుడు ఆ నిర్ణయం ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే జరిగిపోతుంది. అభిమానులు నిజంగా నిలదీయాల్సింది సెప్టెంబర్‌లో ఎవరు ఆడాలని కాదు, గాయం వచ్చిన రోజుకు వెనక ఎవరిని సిద్ధంగా ఉంచారని. 1990 డిసెంబర్‌లో డాలస్ దగ్గర దానికి జవాబు లేదు, 1991లో ఉంది.