సియోల్‌లో వీగన్ భోజనం: అపోహలు - వాస్తవాలు

సియోల్‌లో టూర్ గైడ్‌గా మన తెలుగువాళ్లను తిప్పి చూపించడం నా పని. టికెట్లు బుక్ కాగానే వాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా తిండి గురించే. మాంసం, చేపతో పాటు గుడ్లు, పాలు కూడా ముట్టని వీగన్లకైతే టెన్షన్ ఇంకా ఎక్కువ. వాళ్ల నోట పదే పదే వినే మాటలివి.

అపోహ: కొరియాలో అంతా మాంసమే. పచ్చళ్లు, రెడీమేడ్ ప్యాకెట్లు మోసుకెళ్లాల్సిందే.

వాస్తవం: ఇక్కడి వంటకు ఆధారం అన్నం, సోయా, ఆకుకూరలు, సముద్రపు నాచు. చిన్న హోటల్‌లో కూర్చున్నా అసలు వంటకంతో పాటు బాంచాన్ అనే చిన్న గిన్నెలు వస్తాయి. నువ్వుల నూనెతో కలిపిన మొలకలు, పాలకూర, ముల్లంగి లాంటివి. అయిపోతే మళ్లీ అడగొచ్చు, చాలాచోట్ల అదనంగా డబ్బులు తీసుకోరు. సంప్రదాయ వంటల్లో పాలు, నెయ్యి, వెన్న దాదాపు కనిపించవు. మన హోటళ్లలో నెయ్యి, పెరుగు గురించి అడిగి అడిగి విసిగిపోయే వీగన్లకు ఇది పెద్ద ఊరట. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది చేప గురించి.

అపోహ: ముక్కలు తీసేయమంటే చాలు, అది వీగన్ అయిపోతుంది.

వాస్తవం: అందరూ ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కొరియా వంటలో రుచి ముక్కల్లో కన్నా, ముందుగా మరిగించి పెట్టుకునే నీళ్లలో ఉంటుంది. ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు వేసి మరిగించిన ఆ నీళ్లే చాలా పులుసులకు, నూడుల్స్‌కు, వీధిలో అమ్మే త్తొక్‌బొక్కీకి (కారం సాస్‌లో ఉడికించిన బియ్యప్పిండి ముద్దలు) కూడా ఆధారం. త్తొక్‌బొక్కీలో దాని మీద చేప ముద్దల పలకలు కూడా పడతాయి. మెత్తటి టోఫూతో (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) చేసే సుందుబు పులుసు పేరు వినగానే వీగన్లకు ప్రాణం లేచొస్తుంది, కానీ అందులో సముద్రపు గుల్లలు గానీ, పంది మాంసం గానీ, గుడ్డు గానీ ఉండడం మామూలు. అన్నం మీద కూరలు పేర్చి ఇచ్చే బిబింబాప్ మీద గుడ్డు, గొడ్డు మాంసం తీసేయమంటే తీసేస్తారు. కానీ పైన వేసే మిరప ముద్ద గోచుజాంగ్‌ను కొందరు గొడ్డు మాంసంతో వేయించి పెడతారు. మామూలు గోచుజాంగ్ మిరప్పొడి, బియ్యం పిండి, సోయాతో పులియబెట్టేదే, దానితో ఇబ్బంది లేదు. జొంజు ఊరి బిబింబాప్‌కు పేరెక్కువ కానీ, సంప్రదాయంగా అక్కడ అన్నాన్నే గొడ్డు ఎముకల రసంలో వండుతారు.

పులియబెట్టిన కూరగాయల పచ్చడి కిమ్చీ సంగతీ అంతే. క్యాబేజీ, మిరప్పొడి కళ్లకు కనిపిస్తాయి. ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు, నెత్తళ్ల సాస్ కనిపించవు. మామూలు హోటల్ కిమ్చీలో ఇవి ఉన్నాయనే అనుకోండి.

అందుకే నేను మా వాళ్లకు కొరియన్‌లో రాసిన చీటీ ఇస్తాను: మాంసం, చేప, రొయ్యలు, గుడ్డు, పాలు వద్దు, నెత్తళ్ల నీళ్లు, ఫిష్ సాస్ కూడా వద్దు. ఫోన్‌లో పెట్టుకుని చూపించినా చాలు. "శాకాహారిని" అని మాత్రమే చెబితే వంటావిడ ముక్కలు ఏరేసి, అదే పులుసు ప్రేమగా తెచ్చి పెడుతుంది. ఆవిడ దృష్టిలో అది మర్యాదే. రద్దీ వేళ కాకుండా, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే వంటగదివాళ్లకు మన మాట వినే తీరిక ఉంటుంది.

అపోహ: గుడి భోజనం సన్యాసులకూ భక్తులకూ మాత్రమే.

వాస్తవం: వీగన్ ప్రయాణికులకు కొరియాలో దొరికే గొప్ప భోజనం అదే. అది ఎవరైనా తినొచ్చు. బౌద్ధ మఠాల వంటలో మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి జాతివి కూడా ఉండవు. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లు నిశ్చింతగా తినొచ్చు. వాళ్లు వద్దనుకునే అయిదు ఘాటు పదార్థాల పట్టికలో మన ఇంగువ కూడా ఉంది! ఇన్ని వద్దనుకున్నా వంట చప్పగా ఉండదు. ఏళ్ల తరబడి ఊరిన సోయా ముద్దలు, పుట్టగొడుగులు, నాచు, కొండ ఆకుకూరలు ఆ లోటు తీరుస్తాయి. గుడి కిమ్చీలో రొయ్యలు, వెల్లుల్లి వేయరు. తేనె కూడా మానేసిన వీగన్లు దాని గురించి మాత్రం అడగండి.

సియోల్ నడిబొడ్డున జోగ్యేసా గుడికి ఎదురుగా బల్వూ గోంగ్యాంగ్ అనే భోజనశాల ఉంది. జోగ్యే బౌద్ధ సంఘమే నడుపుతుంది. మంచి హోటళ్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ 2017 సంచికలో దానికి స్టార్ వచ్చింది. ధర ఎక్కువే, ముందుగా బుక్ చేసుకోవాలి. అంత ఖర్చు వద్దనుకుంటే గుడిలోనే బస చేసే టెంపుల్‌స్టేకి వెళ్లండి. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ సమయంలో విదేశీ అతిథుల కోసం మొదలైన పద్ధతి ఇది. గుడి వంటకు పేరుపడ్డ జింగ్వాన్సా నగరం అంచున బుఖాన్సాన్ కొండ కింద ఉంది. కొన్ని గుళ్లలో నాలుగు గిన్నెల భోజనం పెడతారు. మాట్లాడకుండా తిని, మెతుకు మిగల్చకుండా, ఆఖరున ముల్లంగి ముక్కతో గిన్నె కడిగి ఆ నీళ్లు తాగేయాలి. కొరియా సంస్కృతి చూడాలని వచ్చినవాళ్లకు నా సలహా, ఒక ప్యాలెస్ తగ్గించుకుని అయినా ఆ పూట అక్కడ గడపండి. ఎక్కువగా మే నెలలో వచ్చే బుద్ధ జయంతి నాడైతే చాలా గుళ్లలో వచ్చినవాళ్లందరికీ కూరగాయల బిబింబాప్ ఉచితంగా పెడతారు.

అపోహ: బజార్లో మనం తినేది ఏమీ ఉండదు.

వాస్తవం: 1905 నుంచీ నడుస్తున్న గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కు వెళ్లండి. అక్కడి బిందేత్తొక్ మన పెసరట్టుకు దూరపు చుట్టం: పెసరపప్పు నానబెట్టి, రుబ్బి, మొలకలు కలిపి, నూనెలో మందంగా కాలుస్తారు. కొన్ని కొట్లలో పిండిలో కిమ్చీ గానీ పంది మాంసం గానీ కలుపుతారు, అడిగి తీసుకోండి. పెనం మాత్రం మాంసం కాల్చేదే కావచ్చు, అది పట్టింపు ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. ఎర్ర చిక్కుడు గింజల జావ, గుమ్మడి జావ, కాల్చిన చిలగడదుంపలు, వేసవిలో చల్లటి సోయా పాలలో నూడుల్స్ వేసిచ్చే కోంగుక్సు కూడా చూడండి.

అపోహ: ప్యాకెట్ మీద అలెర్జీ పట్టిక చూస్తే సరిపోతుంది.

వాస్తవం: సగమే సరిపోతుంది. గుడ్డు, పాలు, గొడ్డు, పంది, కోడి మాంసం, రొయ్యలు ఆ పట్టికలో రాయాలి. నెత్తళ్లు అందులో లేవు. కాబట్టి ఫోన్ కెమెరాతో పదార్థాల జాబితా మొత్తం అనువదించుకుని చదవండి. హోటళ్లు వెతకడానికి ఫోన్‌లో నేవర్ మ్యాప్ అనే కొరియా మ్యాప్ యాప్ పెట్టుకుని, వీగన్ అనే మాటను కొరియన్ లిపిలో టైప్ చేయండి. ఇంగ్లీషులో వెతికితే దొరకనివి చాలా బయటపడతాయి.