2019 అక్టోబరును మర్చిపోతే ఈ ల్యాండ్‌లైన్ గొడవ అర్థం కాదు

కాలిఫోర్నియాలో ల్యాండ్‌లైన్ తగాదా మళ్ళీ రాజుకుంది. అడిగిన ప్రతి ఇంటికీ, అది కొండ చివర ఒంటరిగా ఉన్నా సరే, కాదనకుండా ఫోన్ ఇవ్వాలన్న బాధ్యత టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ మీద ఉంది. దాన్ని దించుకోవాలని ఆ కంపెనీ 2023 నుంచి గట్టిగా ప్రయత్నిస్తోంది. ఏటీ అండ్ టీకి మూలమైన పాత బెల్ టెలిఫోన్ కంపెనీ ఎలా పెరిగింది, ఎలా ముక్కలైంది అన్నది తెలిసిన కథే. అది పక్కన పెట్టి నేరుగా 2019 అక్టోబరుకు వెళ్దాం.

ఆ నెలలో ఈదురుగాలులకు తమ తీగల నుంచి కార్చిచ్చు రేగుతుందన్న భయంతో విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈ లక్షల ఇళ్ళకు ముందే కరెంటు ఆపేసింది. కాసేపటికి టవర్లూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అక్టోబరు 28 నాటికి 874 సెల్ సైట్లు పనిచేయడం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు వంతెన అవతలే ఉన్న మారిన్ కౌంటీలో సగానికి పైగా మూగబోయాయి. నగరం పక్కనున్న సంపన్న కౌంటీకే ఈ గతి పడితే, మామూలు రోజుల్లోనే సిగ్నల్ దొరకని అడవి ఊళ్ళ సంగతి చెప్పాలా? ఇంటర్నెట్ ఫోన్ ఉన్నా మోడెమ్‌కు కరెంటు లేదు.

గోడకు తగిలించిన పాత ఫోన్ మాత్రం అలా కాదు. రాగి తీగ మాటతో పాటు కరెంటునూ మోసుకొస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు వస్తుంటాయి. అక్కడ జనరేటర్ తిరుగుతున్నంతసేపూ ఇక్కడ ఇల్లంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినిపిస్తుంది. (కార్డ్‌లెస్ ఫోన్ కొనుక్కున్నవాళ్ళకు ఆ అదృష్టం లేదు, దాని బేస్‌ను ప్లగ్‌లో పెట్టాలి కదా.)

మరుసటి ఏడాదే, ఫోన్, కరెంటు లాంటి సేవలను నియంత్రించే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్, మంటల ముప్పు ఎక్కువున్న చోట్ల మొబైల్ నెట్‌వర్క్‌లకు 72 గంటల బ్యాకప్ కరెంటు ఉండాలని ఆదేశించింది. ఆ అనుభవం ఇంకా పచ్చిగా ఉండగానే, 2023 మార్చిలో, ల్యాండ్‌లైన్ బాధ్యత నుంచి తప్పించమంటూ కమిషన్‌కు ఏటీ అండ్ టీ దరఖాస్తు వచ్చింది.

కంపెనీ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. రాగి లైన్లు వాడేవాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు, నిర్వహణ భారం తగ్గడం లేదు, మంటల్లో స్తంభాలూ తీగలూ కాలిపోతాయి కూడా. మొబైల్, ఇంటర్నెట్ ఫోన్ ఉన్నాయిగా అంటుంది.

ఆ 'ఉన్నాయిగా' దగ్గరే జనం మండిపడ్డారు. 2024 మొదట్లో ఉత్తర కాలిఫోర్నియాలోని యుకైయా లాంటి చోట్ల జరిగిన బహిరంగ విచారణలకు తరలివచ్చారు, కమిషన్‌కు వేలల్లో అభ్యంతరాలు రాశారు. మ్యాపులో కవరేజ్ రంగు పూసి ఉంటుంది, వంటింట్లో నిలబడితే ఒక్క గీత కూడా రాదు. మంటలొస్తున్నాయి ఖాళీ చేయండన్న కబురు ఎలా అందుతుంది? గుండెపోటు వస్తే అత్యవసర నంబరు 911కు ఎక్కడి నుంచి చేయాలి?

ఈ బాధ్యత నిన్న మొన్న నెత్తిన పడ్డదీ కాదు. 1996లో స్థానిక ఫోన్ వ్యాపారంలోకి పోటీని రానిచ్చినప్పుడు, లాభం లేని ఇళ్ళను అందరూ వదిలేస్తారని ముందే ఊహించి రాష్ట్రం ఈ నిబంధన రాసింది. ఖర్చెక్కువయ్యే ప్రాంతాల్లో లైన్లు నడపడానికి నిధి కూడా పెట్టింది. అప్పట్లో కాలిఫోర్నియాలో ఫోన్లు నడిపిన పసిఫిక్ బెల్ వారసురాలే నేటి ఏటీ అండ్ టీ. ఆస్తులతో పాటు ఈ బరువూ వారసత్వంగానే వచ్చింది.

2024 జూన్ 20న కమిషన్ దరఖాస్తును కొట్టేసింది. ఏటీ అండ్ టీ తప్పుకుంటే ఆ బాధ్యత మేం తీసుకుంటామని ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు మరి. అదే రోజు నిబంధనలనే తిరగరాసే ప్రక్రియ మొదలుపెట్టింది. ఈ బాధ్యతను సడలించాలంటూ శాసనసభలో 2024లో ఒకటి, 2025లో మరొకటి బిల్లులు వచ్చాయి. ఉపగ్రహ ఇంటర్నెట్ ఉందిగా అన్నది ఇప్పుడు తరచూ వినిపించే మాట. ఆ డిష్‌కు చెట్లు అడ్డులేని ఆకాశం కావాలి. దానికీ ప్లగ్ కావాలి.