సాక్ష్యం చెప్పకపోతే మేలు చేజారుతుందా? కృతజ్ఞత గురించి అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్‌లో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిని, అంటే పాస్టర్‌ని. మా ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం, అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సమయం, తప్పకుండా ఉంటుంది. దేవుడు చేసిన మేళ్లను తలుచుకోవడం గురించి మన విశ్వాసుల్లో తిరిగే మాటలు కొన్ని బైబిల్లో ఎక్కడా కనిపించవు. వినీ వినీ ఇక రాద్దామనిపించింది.

అపోహ: సాక్ష్యం చెప్పకపోతే పొందిన మేలు పోతుంది.

వాస్తవం: నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. “అయ్యగారూ, వీసా వచ్చి నెల దాటింది, ఇంకా సంఘంలో చెప్పలేదు. ఏమన్నా అవుతుందా?” అని ఒకటే టెన్షన్. లూకా 17వ అధ్యాయం తీయండి. పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు. తిరిగొచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడింది ఒక్క సమరయుడే. తక్కిన తొమ్మిదిమంది ఏరని ఆయన అడిగాడు. అడిగాడే గానీ, వాళ్ల రోగం మళ్లీ తిరగబెట్టిందని లూకా రాయలేదు. ఇచ్చింది లాక్కునే గుణాన్ని దేవునికి అంటగట్టకండి. భయంతో చెప్పే సాక్ష్యం అప్పులవాడికి వడ్డీ కట్టినట్టు ఉంటుంది.

అపోహ: డాక్టర్ పేరెత్తితే దేవుని మహిమ తగ్గుతుంది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపమే వస్తుంది. హిజ్కియా రాజు ఆయుష్షును దేవుడు 15 ఏళ్లు పెంచాడు. అదే యెషయా 38లో, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది కూడా ప్రవక్తే. కోలుకున్నాక రాజు రాసిన స్తుతి కూడా అక్కడే ఉంది. మందూ స్తుతీ ఒకే అధ్యాయంలో ఇమిడాయి కదా! గాంధీలోనో నిమ్స్‌లోనో మీకోసం రాత్రంతా మేల్కొన్న నర్సు గురించి కూడా మైకులో చెప్పండి, ఏ మహిమా తగ్గదు.

దీంట్లో అసలు ప్రమాదం వేరే ఉంది. “స్వస్థత వచ్చేసింది” అని నలుగురిలో చెప్పాక, ఆ మాట నిలబెట్టుకోవడానికి షుగర్, బీపీ, ఫిట్స్ మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆపొద్దు. జబ్బు నయమైందని ఎవరైనా చెప్పబోతే “డాక్టర్‌కి చూపించారా?” అని ముందే అడుగుతాను. అవిశ్వాసం అని గొణిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: ఆ పదిమంది కుష్ఠరోగులనూ యేసు యాజకుల దగ్గరికే పంపాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోగాన్ని పరీక్షించి, నయమైందని తేల్చాల్సింది వాళ్లే.

అపోహ: ఎంత పెద్ద మేలు చెబితే దేవునికి అంత ఘనత.

వాస్తవం: ప్యాకేజీ ఎంతో, కోకాపేటలో ఫ్లాట్ ఎన్నో అంతస్తో చెప్పి “దేవునికే మహిమ” అంటే సరిపోదు. గత నెల ఉద్యోగం పోయినవాడు అదే వరుసలో కూర్చుని వింటుంటాడు. లూకా 18లో తన భక్తిని గొప్పగా చెప్పుకున్న పరిసయ్యుడి ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది మరి! నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం, పాపినని ఒప్పుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు.

అపోహ: డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికి ముందు జరిగే ఆరాధన వాచ్‌నైట్‌లో ఏడాది మొత్తానికీ ఒకేసారి చెప్పేస్తే చాలు.

వాస్తవం: ఉదయం కృపను, ప్రతి రాత్రి విశ్వాస్యతను చాటమంటుంది 92వ కీర్తన.

అపోహ: కృతజ్ఞత కూడిక ఘనంగా చేయాలి.

వాస్తవం: కృతజ్ఞతగా అర్పించిన బలి మాంసాన్ని అదే రోజు తినేయాలి, తెల్లారేదాకా మిగల్చకూడదు అని లేవీయకాండం 7లో ఉంది. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పనేనా? నలుగురినీ పిలవక తప్పదు. కలిసి తినడం ముఖ్యం, ఫంక్షన్ హాల్ కాదు. అప్పు చేసి బిర్యానీ పెట్టొద్దు. కుష్ఠం నయమైన సిరియా సేనాపతి నయమాను ఇవ్వబోయిన కానుకను ఎలీషా ప్రవక్త ముట్టలేదు. ఆ కానుకకు ఆశపడి వెనకాల పరుగెత్తిన ఎలీషా పనివాడు గేహజీకి ఆ కుష్ఠమే అంటుకున్న సంగతి మా సేవకులం ఇంకోసారి చదువుకుంటే మంచిది.

అపోహ: బాధలో ఉన్నా ఏడవకుండా స్తోత్రం చెప్పాలి.

వాస్తవం: 77వ కీర్తనలో కీర్తనకారుడు ఆసాపు ముందు నిలదీస్తాడు. దేవుడు కనికరించడం మరిచిపోయాడా అని అడుగుతాడు. పాత కార్యాలను తలుచుకోవడం ఆ తర్వాతే. పోయినవాళ్ల ఇంటికి వెళ్లి “స్తోత్రం చెప్పండమ్మా” అని తొందరపెట్టేవాళ్లు ముందు ఆ కీర్తన మొదటి సగం చదవాలి.

అపోహ: తలుచుకోవాల్సింది నాకు జరిగిన మేళ్లనే.

వాస్తవం: ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటినప్పుడు వాళ్ల నాయకుడు యెహోషువ ఆ నదిలోంచి 12 రాళ్లు తెప్పించి గిల్గాలులో నిలబెట్టించింది, నది దాటడం చూడని పిల్లల కోసం కూడా. ఈ రాళ్లేమిటని వాళ్లు అడిగితే చెప్పాలని ఆయన ఆజ్ఞ. మనవాళ్లు క్రిస్మస్‌కి హైదరాబాద్ నుంచి మెదక్ చర్చికి కార్లు కట్టుకుని వెళ్తారు, సెల్ఫీలు దిగుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించారు. కరువులో జనానికి పనీ తిండీ దొరకడానికి ఆ కట్టడమే ఆసరా అయింది. ఆ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. పిల్లలు అడిగేదాకా ఆగక్కర్లేదు, కారు ఊరు దాటగానే మొదలుపెట్టొచ్చు.