వాద్యం నేర్పాలన్న పట్టుదల: బెజవాడ ఇళ్ళలో దాని పూర్వకథ

ఆసియా కుటుంబాలు పిల్లల చేత బలవంతంగా వాద్యాలు సాధన చేయిస్తాయన్న చర్చ 2011లో అమెరికాలో గట్టిగా సాగింది. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు ఏమీ చువా తన కూతుళ్ళ పియానో, వయొలిన్ సాధన విషయంలో ఎంత కఠినంగా ఉన్నదీ రాసుకోవడం అందుకు కారణం. విజయవాడలో సాయంత్రం పూట మనసు లేకుండా కీబోర్డు తరగతికి వచ్చే పిల్లవాడిని అర్థం చేసుకోవాలంటే మాత్రం ఈ ఊరి చరిత్రనే చూడాలి.

ఇక్కడ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గురుకుల పద్ధతిలో సంగీత విద్య చెప్పారు. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన ఆయన దగ్గర అన్నవరపు రామస్వామి వయొలిన్, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రం నేర్చుకున్నారు. 1930లో పుట్టిన బాలమురళి ఎనిమిదేళ్ళ వయసులో ఈ ఊళ్ళోనే త్యాగరాజ ఆరాధనోత్సవంలో పూర్తి కచేరీ చేసిన ముచ్చటను పెద్దలు పిల్లలకు ఆదర్శంగా చెబుతూ వచ్చారు. ఆయన తండ్రి వేణువు విద్వాంసుడనీ, తల్లి వీణ వాయించేవారనీ, ఆ ఇంట్లో సంగీతం ముందునుంచే ఉందనీ గుర్తుచేసేవారు తక్కువ.

ఆడపిల్లల మీద ఒత్తిడికి మూలం వేరు. తరతరాలుగా సంగీత నాట్యాలను నిలబెట్టిన కళావంతుల కుటుంబాలు సంస్కరణోద్యమంతోనూ, దేవదాసీ వ్యవస్థను నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టంతోనూ వేదికకు దూరమవుతున్న కాలంలోనే, అదే సంగీతం గౌరవప్రదమైన విద్యగా మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుందా, వీణ వాయిస్తుందా" అని అడగడం రివాజైంది. పనస చెక్కతో వీణలు చేసే నూజివీడు దగ్గరే ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలు దాటి గీతాలు, ఒకటి రెండు వర్ణాలు వచ్చేసరికి సంబంధం కుదిరేది, సాధన అక్కడితో ఆగేది. తీగలు నొక్కి నొక్కి వేళ్ళ కొసలు కాయలు కాసిన అమ్మాయిలకు, అత్తవారింట మెట్లను పట్టి ఉంచే మైనం ఎండిపోయి అవి కదిలిపోయిన వీణను బాగుచేయించుకునే వీలు కూడా చాలాసార్లు దొరకలేదు. ఈ నష్టానికి మన సంగీత చరిత్రలు తగినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం.

తర్వాతి మార్పు పరీక్షలతో వచ్చింది. లండన్ ట్రినిటీ కళాశాల 1877లో మొదలుపెట్టిన సంగీత పరీక్షలు ఎనిమిది గ్రేడ్లుగా మన కీబోర్డు తరగతులకూ చేరాయి. నూటికి 60 వస్తే ఉత్తీర్ణత, 87 వస్తే డిస్టింక్షన్. మార్కులతోనే పిల్లలను అంచనా వేయడానికి అలవాటుపడిన ఇళ్ళకు ఈ లెక్క వెంటనే బోధపడింది. శ్రుతిజ్ఞానం కుదిరిందా, రాగం చెవికి పట్టిందా అని ఎదురుచూసే ఓపిక తగ్గి, పరీక్షకు పెట్టిన కొద్ది పాటలే నెలల తరబడి వాయించే పద్ధతి బలపడింది.

ఈ ఒత్తిడికి విజయవాడలో, గుంటూరులో ఒక వయోపరిమితి కూడా ఉంది. ఐఐటీ ఫౌండేషన్ తరగతులు మొదలయ్యేవరకే సంగీతం. ఆరేళ్ళప్పుడు ఏడుస్తున్నా కూర్చోబెట్టిన పెద్దలే, పద్నాలుగేళ్ళకు చేయి తిరిగి ఇష్టంగా వాయిస్తున్న పిల్లను "ఇక చాలమ్మా, ర్యాంకు వచ్చాక వాయించుకుందువుగాని" అని లేపుతున్నారు. ఆ తర్వాత ఇంటర్మీడియట్ రెండేళ్ళూ, తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లు నడిచే హాస్టళ్ళలో, రోజుకు అరగంట సాధనకైనా వీలుండదు.