పడుకునే ముందు బొమ్మల పుస్తకం: అమ్మానాన్నల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

పిల్లల లైబ్రరీ నడపడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. రాత్రి పడుకునే ముందు ఏం చదివి వినిపించాలని అమ్మానాన్నలు రోజూ అడుగుతుంటారు. అమ్మానాన్నల ప్రేమ మీద వచ్చిన బొమ్మల పుస్తకాలు చేతికిస్తే మాత్రం కొందరు వెనకాడతారు. వాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: ప్రేమ పుస్తకంలో భయం, కోపం ఉండకూడదు. రాత్రిపూట అసలే వద్దు.

వాస్తవం: అవి ఉన్న పుస్తకాలే పిల్లలకు ఎక్కువ కావాలి. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన 'ది రనవే బన్నీ' 1942లో వచ్చింది. అందులో కుందేలు పిల్ల పారిపోతానంటుంది. చేపనైపోతానంటే తల్లి జాలరి అవుతానంటుంది. పిట్టనై ఎగిరిపోతానంటే, అది వచ్చి వాలే చెట్టునవుతానంటుంది. వింటున్న నాలుగేళ్ల బిడ్డ మనసంతా అమ్మ ఈసారి కూడా వస్తుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. పగలు తిట్లు తిన్న రోజైతే మరీను. 'నా మీద ఇంకా కోపంగా ఉన్నావా?' అని అడగడం చేతకాక, ఆ పుస్తకం తెచ్చి మీ ఒళ్లో పెడతాడు. అలా తెచ్చినప్పుడు ఎంత అలసటగా ఉన్నా కాదనకండి. ఇందులో క్లెమెంట్ హర్డ్ వేసిన బొమ్మలు చూడండి. మాటలున్న పేజీలు నలుపు తెలుపులో ఉంటాయి, వాటి వెనకే ఒక్క మాట కూడా లేని పెద్ద రంగుల బొమ్మ వస్తుంది. చదవడానికేం లేదని చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు. అక్కడే ఆగాలి, బిడ్డ చూపు బొమ్మంతా తిరిగొచ్చేదాకా.

మార్టిన్ వాడెల్ రాసిన 'ఔల్ బేబీస్' (1992) కూడా ఇలాంటిదే. మూడు గుడ్లగూబ పిల్లలు రాత్రి లేచి చూస్తే తల్లి ఉండదు, చివరికి తిరిగొస్తుంది. నైట్ డ్యూటీ చేసే ఒక తల్లి దీన్ని డ్యూటీకి వెళ్లేముందు కూతురికి చదివేది. తల్లి గుడ్లగూబ తిరిగొచ్చే బొమ్మ దగ్గర 'నేనూ పొద్దున్నే వచ్చేస్తా' అని చెప్పేదట. అయితే అమ్మనో నాన్ననో ఈమధ్యే పోగొట్టుకున్న బిడ్డకు మాత్రం ఈ పుస్తకం తొందరపడి ఇవ్వకండి. ముందు మీరొకసారి చదివి ఆలోచించండి.

అపోహ: ఇంగ్లిష్ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోనే చదవాలి.

వాస్తవం: పగలు మీ ఇష్టం. రాత్రి మాత్రం ఇంటి భాషలో చెప్పండి. అలాగని 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అంటే బిడ్డకు కొత్తగా వినిపిస్తుంది, మన ఇళ్లలో పిల్లలతో అలా అనం కదా. 'నువ్వంటే నాకు ఎంతిష్టమో', 'నా బంగారు కొండ' అంటాం. కన్నబిడ్డనే 'నాన్నా', 'తల్లీ' అని పిలుచుకునే భాష మనది. పుస్తకంలో 'ఐ లవ్ యూ' అన్న మాట వచ్చినచోట మీరు రోజూ పిలిచే ముద్దుపేరు పెట్టి చదవండి, పిల్లల మొహం ఎలా విప్పారుతుందో చూడండి.

అపోహ: ఇవి అమ్మలు చదవాల్సిన పుస్తకాలు.

వాస్తవం: సామ్ మెక్‌బ్రాట్నీ రాసిన 'గెస్ హౌ మచ్ ఐ లవ్ యూ' (1994)లో పెద్ద కుందేలు చిన్న కుందేలుకి అమ్మో నాన్నో ఎక్కడా చెప్పలేదు. అందుకే అది నాన్న చదివినా, తాతయ్య చదివినా వాళ్ల కథే అవుతుంది. నాకు తెలిసిన ఒక అమ్మమ్మ అమెరికాలో ఉన్న మనవరాలికి వీడియో కాల్‌లో బొమ్మలు చూపిస్తూ కథ చెబుతుంది. ఇక్కడ పొద్దున, అక్కడ రాత్రి.

అపోహ: చివర్లో 'ఏం నేర్చుకున్నావు?' అని అడగాలి.

వాస్తవం: వద్దు. 'చూశావా, అమ్మను విసిగించకూడదు' అన్నారంటే అది పాఠమైపోతుంది. బిడ్డే ఏదైనా అడిగితే మాట్లాడండి, లేదంటే లైటు ఆపేయండి.

అపోహ: ఒకే పుస్తకం నెలంతా చదివితే దండగ.

వాస్తవం: తర్వాత ఏం వస్తుందో ముందే తెలియడంలోనే ధైర్యం ఉంది వాళ్లకి. ఒక పుస్తకాన్ని ఒకే ఇంటివాళ్లు పదే పదే తీసుకెళ్తుంటే నాకు సంతోషమే.

అపోహ: తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలు లేవు, ఉన్నా ఖరీదెక్కువ.

వాస్తవం: సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం', చెన్నైలోని 'తూలిక', నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థలు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల 'స్టోరీవీవర్' వెబ్‌సైట్‌లో 2015 నుంచి ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. నాన్న ప్రేమ మీద తెలుగులో ఇంకా చాలా రావాలని నా కోరిక. పడుకునే వేళ ఫోన్‌లో చదవడం కంటే ప్రింటు తీసి, మధ్యలో దారంతో కుట్టి ఇవ్వడం మేలు. నలుపు తెలుపు ప్రింటయినా ఫర్వాలేదు, మర్నాడు పిల్లలే రంగులు వేసుకుంటారు.